చర్చ: ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే సంతోషం వస్తుందా?

గచ్చిబౌలి ఉద్యోగి:
నాకు 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి అప్పు తీరిపోయింది. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే ఉద్యోగం మానుకోవచ్చునన్న లెక్కను నమ్మి పొదుపు చేస్తూ 22 రెట్లకు చేరాను. మిగిలిన మూడూ పూర్తయితే సంతోషం దానంతట అదే వస్తుందని నా వాదన.

మలక్‌పేట విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఆ లెక్క 1994లో అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ అక్కడి షేర్లు, బాండ్ల చరిత్రను పరిశీలించి, మొదటి ఏడాది కూడబెట్టిన దానిలో సుమారు 4 శాతం, అంటే 25వ వంతు తీసి, తరువాత ధరలను బట్టి పెంచుకుంటూ పోతే సొమ్ము 30 ఏళ్లు నిలుస్తుందని చెప్పిన మాట నుంచి వచ్చింది. మీకు కావలసింది 30 ఏళ్లు కాదు, 45. పైగా మన రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణ (ధరల పెరుగుదల) లక్ష్యమే ఏడాదికి 4 శాతం. ఆసుపత్రి బిల్లులు దానిని ఖాతరు చేయవు. ఇక సంతోషమంటారా, పింఛనుకు లోటు లేకపోయినా బడి గంట వినిపించని మొదటి ఏడాది నాకు పొద్దు గడిచేది కాదు.

గచ్చిబౌలి ఉద్యోగి:
మాస్టారూ, లెక్క సవరించుకుంటాను. సంతోషం విషయంలో మాత్రం ఒప్పుకోను. ఏడాది రాబడి 75,000 డాలర్లు దాటితే రోజువారీ సంతోషం పెరగదని 2010లో పరిశోధకులు డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ రాశారు. అదే కానెమన్ 2023లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్‌లతో కలిసి, ఎక్కువమందికి రాబడితో పాటు సంతోషమూ పెరుగుతూనే ఉంటుందని, బాగా దుఃఖంలో ఉన్న కొద్దిమందికే ఒక స్థాయి దాటాక డబ్బు పనిచేయదని తేల్చారు.

దిల్‌సుఖ్‌నగర్ టైలరింగ్ దుకాణందారు:
మీరిద్దరూ ఎంత డబ్బు అన్నదానిపైనే వాదిస్తున్నారు, అది ఎవరి చేతిలో ఉందన్నది అడగడం లేదు. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి వెళ్లడానికి బస్సు చార్జీ అడిగితే, ఎందుకు, ఎన్ని రోజులు అని రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకుంటే గాని డబ్బు చేతికి వచ్చేది కాదు. (2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు మా ఆడవాళ్లకు ఉచితం; ఆ రోజుల్లో ఉంటే ఒక ప్రశ్న తగ్గేది.) ఇప్పుడు నా రాబడి మీ జీతంలో పదో వంతు కూడా ఉండదు. కానీ గల్లాపెట్టెలో నుంచి వంద రూపాయలు తీసి అమ్మకు మందులు కొన్న రోజున కలిగిన నిబ్బరం ఏ రెట్ల లెక్కలోకీ రాదు. మీ 22 రెట్లు ఎవరి పేరున ఉన్నాయి?

గచ్చిబౌలి ఉద్యోగి:
నా పేరునే ఉన్నాయమ్మా. పిల్లల కోసం ఎనిమిదేళ్ల క్రితం ఉద్యోగం మానుకున్న నా భార్యకు ఇందులో ఎంత ఉందో కూడా తెలియదు. ఈ ఆదివారం ఆమె ముందు కాగితాలన్నీ పెట్టి, ఆమె ఏమన్నదో వచ్చి రాస్తాను.