సోయా గింజలో ప్రొటీన్ పెంచితే నూనె ఎందుకు దిగిపోతోంది?

ప్రశ్న (ప్లాంట్ బ్రీడింగ్ పీజీ విద్యార్థి)
అందరికీ నమస్కారం. థీసిస్ కోసం రెండు సోయా రకాలను సంకరం చేశాను. ఒకదాంట్లో ప్రొటీన్ 44 శాతం, నూనె 17. రెండోదాంట్లో ప్రొటీన్ 37, నూనె 22. రెండూ ఎక్కువున్న మొక్క ఒక్కటైనా దొరక్కపోతుందా అనుకున్నాను. సంకరం తర్వాత మూడో తరం (ఎఫ్3) గింజల్ని, పరారుణ కాంతితో ప్రొటీన్, నూనె కొలిచే ఎన్ఐఆర్ యంత్రంలో పెడితే ప్రొటీన్ పెరిగిన చోటల్లా నూనె తగ్గింది. తప్పు నా ఎంపికలో ఉందా, లేక సోయా తీరే ఇంతా?

జవాబు (సోయా బ్రీడర్, 20 ఏళ్లుగా ఇదే పని)
మీ తప్పేం లేదు తమ్ముడూ. ఆకు నుంచి గింజకు వచ్చే చక్కెరే ఇటు నూనెగానూ అటు ప్రొటీన్‌గానూ మారాలి. ఒక గ్రాము నూనెకు దాదాపు 3 గ్రాముల గ్లూకోజ్ ఖర్చు, ప్రొటీన్‌కు రెండున్నర. ప్రొటీన్‌కు నత్రజని కూడా కావాలి. వేరుబుడిపెలు ఇచ్చింది చాలక మొక్క తన ఆకుల్లోంచే లాగేస్తుంది. గింజ నిండే రోజుల్లో చేను పసుపెక్కేది అందుకే. ప్రొటీన్ మరీ పెంచితే దిగుబడి పడిపోయేదీ చాలావరకు ఇక్కడే.

దీని వెనక ఉన్న పెద్ద జన్యుస్థానం (ఈ గుణాన్ని నడిపే డీఎన్ఏ భాగం) 20వ క్రోమోజోమ్ మీద ఉంది. మనుషులు వేల ఏళ్లుగా పెద్ద గింజ ఏరుకుంటూ వచ్చారు, దాంతోపాటే నూనె ఎక్కువ, ప్రొటీన్ తక్కువ ఉన్న రూపం నిలబడిపోయింది. పాత రూపం అడవి సోయాలో ఇంకా ఉంది. దాని కోసమే నేనూ ఒకసారి అడవి సోయాతో సంకరం చేశాను. నల్లటి గింజలు, వంద తూచితే 2 గ్రాములు. పిల్ల మొక్కలు తీగల్లా పక్క వరుసలకు అల్లుకున్నాయి. కాయలు మధ్యాహ్నం ఎండకు చిటచిటమని పగిలి గింజలు నేలపాలు. నాలుగుసార్లు బ్యాక్‌క్రాస్ చేశాక, అంటే పిల్ల మొక్కల్ని మళ్లీ మళ్లీ సాగు రకంతోనే కలిపాక, మొక్క దారికొచ్చింది, ప్రొటీన్ నిలిచింది. నూనె మాత్రం తిరిగి రాలేదు.

నా మాట వింటే ప్రొటీన్, నూనె విడివిడిగా చూడకండి, రెండూ కలిపిన మొత్తం మీద ఎంపిక చేయండి. అప్పుడు తగ్గేది రాఫినోజ్, స్టాకియోజ్ లాంటి చక్కెరలు కావచ్చు. కడుపుబ్బరం తెచ్చేవి అవే కాబట్టి వాటికోసం బాధపడక్కర్లేదు.

బ్రీడింగ్ నిజంగా గెలిచింది నూనె స్వభావం మార్చడంలో. సోయా నూనెలో ఒలీక్ అనే కొవ్వు ఆమ్లం మామూలుగా 20–25 శాతం ఉంటుంది. దాన్ని వేరే కొవ్వు ఆమ్లంగా మార్చే ఎఫ్ఏడీ2-1ఏ, 1బీ రెండు జన్యువులూ పనిచేయకపోతే 80 దాకా వెళుతుంది. ఎఫ్2లో (రెండో తరంలో) అలాంటిది 16కి ఒకటే. కాబట్టి మొలక వచ్చే వైపు ముట్టకుండా అవతలి కొస బ్లేడుతో చిన్న చెక్కు తీసి, దాన్ని కొవ్వు ఆమ్లాలు కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ యంత్రానికి పంపి, మిగతా గింజను నాటుతాం. ఆ చెక్కిన గింజ మొలకెత్తి రెండాకులు విప్పినప్పుడు ఇప్పటికీ నాకు సంతోషమే.

మరో జవాబు
మేడమ్ చెప్పింది నిజం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మేం కోళ్లకు సరిగా అరగని ఫైటిక్ ఆమ్లం తక్కువున్న వరుసలు తీశాం. కోళ్లమేతకు బాగుంటుందని సంబరపడ్డాం, కానీ పొలంలో సగం కూడా మొలవలేదు. గింజకు అది భాస్వరం నిల్వ. రసాయన ఫలితంతో పాటు మొలకశాతం కూడా రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు
చాలా థ్యాంక్స్ మేడమ్. ఎన్ఐఆర్‌కు గింజలు ఒక్కో మొక్క పైకొమ్మల నుంచే తీశాను, కోయడానికి సులువని. పర్లేదా?

బ్రీడర్
అది మార్చుకోండి. ఒకే మొక్కలో పైకణుపుల గింజల్లో ప్రొటీన్ ఎక్కువ, నూనె తక్కువ, కింది వాటిలో అటుదిటు. మొక్కంతా దులిపి, గింజలు బాగా కలిపి, అందులోంచి తీయండి. నిల్వ గింజలుంటే ఎఫ్3 మళ్లీ చూడండి, ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. నేనూ చూస్తాను.