పాత పికప్‌కు ‘పికప్’ పెంచడం: జనరేటర్ ట్రైలర్, చించినాడ వంతెన

చెరువుగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఉండి దగ్గర పల్లె. రొయ్యల చెరువులకు, పెళ్ళిళ్ళకు జనరేటర్ అద్దెకు ఇస్తుంటాం. మా బండి 2012 నాటి డీజిల్ పికప్: రెండున్నర లీటర్ల కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) టర్బో ఇంజిన్, పుస్తకంలో 63 హార్స్‌పవర్ అని ఉంది, ఇప్పటికి 2,30,000 కిలోమీటర్లు తిరిగింది. మొన్న సంక్రాంతి వరకు 900 కిలోల జనరేటర్‌ను రెండు చక్రాల ట్రైలర్ మీద లాగేవాళ్ళం. ఇప్పుడు దాని స్థానంలో పెద్దది తీసుకోవడంతో ట్రైలర్ బరువు 1,400 కిలోలకు చేరింది. వెనుక తొట్టిలో కేబుళ్ళు, డీజిల్ డ్రమ్ము, ఇద్దరు కుర్రాళ్ళు మామూలే.

చదును రోడ్డు మీద పెద్దగా ఇబ్బంది లేదు. రాజోలు వైపు వెళ్ళేటప్పుడు చించినాడ వంతెన ఎక్కాలంటే మాత్రం రెండో గేరుకు దిగవలసి వస్తోంది, వెనుక నల్ల పొగ వస్తోంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. చెరువు దగ్గర నుంచి ఏటిగట్టు మీదికి ర్యాంపు ఎక్కేటప్పుడు క్లచ్ కాలిన వాసన కూడా వస్తోంది. భీమవరంలో ఒకరు ఇంజిన్ కంప్యూటర్ వైరింగుకు తగిలించే ట్యూనింగ్ బాక్సు పెడితే బలం పాతిక శాతం పెరుగుతుందని చెప్పారు. బలం కావాలి గానీ, బండి దారిలో ఆగిపోవడం నాకు కుదరదు. తెల్లవారుజామునే చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళకు కరెంటు పోయి, ఏరేటర్లు తిప్పే జనరేటర్ చేరకపోతే ఆ రైతు పంట మొత్తం తేలిపోతుంది. ఇంజిన్ ఆయుష్షు తగ్గకుండా లాగుడు పెంచే మార్గం ఏదైనా ఉందా?

లంకబండి:

ఆ బాక్సు నేను పెట్టించాను కాబట్టి చెబుతున్నాను. మొదటి నాలుగు నెలలు బండి ఎగిరి దూకినట్టే ఉంది. ఐదో నెలలో నాలుగో గేరులో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ శబ్దం పెరిగేది గానీ వేగం పెరిగేది కాదు, అంటే క్లచ్ జారుతోందన్నమాట. క్లచ్ సెట్టు మార్చిన రెండు నెలలకు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయింది. బాక్సు తీసి అటక మీద పడేశాను.

పాత స్పానర్:

చెరువుగట్టు గారూ, పికప్‌కు పికప్ లేదని మా షెడ్డుకు వచ్చేవారందరికీ నేను మొదట వేసే లెక్క ఒకటి ఉంది. మీ బండి, సరుకు, ట్రైలర్ అంతా కలిపి నాలుగు టన్నులు అనుకుందాం. వంతెన వాలు ముప్పై అడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తుందనుకుందాం. ఆ వాలు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి చక్రాల దగ్గర కావలసింది 30 హార్స్‌పవర్‌కు కాస్త అటూ ఇటూ మాత్రమే. గేరుబాక్సులో, వెనుక యాక్సిల్‌లో కొంత పోయినా, 63 ఇచ్చే ఇంజిన్‌కు అది మోయలేని పని కాదు. అంటే మీ ఇంజిన్ తనకున్న బలాన్నే పూర్తిగా ఇవ్వడం లేదు. ఉన్నది తిరిగి రాబట్టకుండా కొత్తది పెట్టడం, గండి పూడ్చకుండా కాలువకు నీళ్ళు వదలడం లాంటిది.

నల్ల పొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. చవక రకం ట్యూనింగ్ బాక్సు చేసేదేమిటంటే, కామన్ రైల్ గొట్టంలోని ప్రెజర్ సెన్సార్ పంపే సంకేతాన్ని తగ్గించి ఇంజిన్ కంప్యూటర్‌కు చూపిస్తుంది. కంప్యూటర్ ప్రెజర్ చాలడం లేదనుకుని పెంచుతుంది, డీజిల్ ఎక్కువగా పడుతుంది. గాలి కొరతతో ఉన్న ఇంజిన్‌కు ఇంకా డీజిల్ పోస్తే పెరిగేది పొగ, వేడి. లంకబండి గారి హెడ్ గాస్కెట్ కథ అదే అయి ఉంటుంది.

కాబట్టి గాలి దారితో మొదలుపెట్టండి. ఎయిర్ ఫిల్టర్ సంగతి అందరూ చూస్తారు. ఎవరూ చూడనిది, గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్ళే రబ్బరు గొట్టాలు. క్లాంపు కింద చీలిక ఉంటే కంటికి కనిపించదు, లోడు పడినప్పుడే తెరుచుకుంటుంది. గొట్టం ఒక కొస మూసి, రెండో కొస నుంచి కొద్దిపాటి గాలి ఒత్తిడి ఎక్కించి, సబ్బు నీళ్ళు చల్లితే బుడగలు వస్తాయి. ఈజీఆర్ వాల్వు (ఎగ్జాస్టులో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), ఇన్‌టేక్ గొట్టం లోపల మసి పేరుకుని దారి ఇరుకైపోయి ఉండవచ్చు. రెండు లక్షలు దాటిన బండిలో అది దాదాపు ఖాయం. విప్పి శుభ్రం చేయించండి.

తరువాత డీజిల్. మీరు డ్రమ్ములలో నిల్వ ఉంచిన డీజిల్‌నే బండికి కూడా పోస్తున్నారా? మన ప్రాంతపు తేమకు డ్రమ్ము లోపల నీరు చేరుతుంది. నీరు కలిసిన డీజిల్ కామన్ రైల్ పంపుకూ ఇంజెక్టర్లకూ విషం. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వారానికి ఒకసారి విప్పి నీరు వదలండి. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలను (మిగిలిన డీజిల్ వెనక్కి పోయేవి) నాలుగు సీసాలలో పెట్టి ఇంజిన్ నడిపితే, ఏ సీసా మిగతా వాటికంటే ఎక్కువ నిండుతుందో ఆ ఇంజెక్టర్ లోపల కారుతున్నట్టే.

వేడి విషయానికి వస్తే, గట్టు రోడ్ల దుమ్ము, వరిగడ్డి నలుసులు రేడియేటర్ రేకుల మధ్య దట్టించుకుపోతాయి. ఏసీ కండెన్సర్ కూడా ముందు ఉంటే రెంటికీ మధ్య చేరిన చెత్త బయటికి కనిపించనే కనిపించదు. రేడియేటర్ దించి ఇంజిన్ వైపు నుంచి ముందుకు నీళ్ళు కొట్టాలి, ఒత్తిడి ఎక్కువైతే రేకులు వంగిపోతాయి. వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ను పట్టి తిప్పే ఫ్యాన్ కప్లింగ్ పట్టు తప్పిందేమో కూడా చూపించండి.

ఇన్నీ చేశాక కూడా మీకు బలం చాలకపోతే, అప్పుడు ట్యూనింగ్ మాట ఆలోచించవచ్చు. కానీ అంతకంటే ముందు, టర్బోకు చేరకముందే ఎగ్జాస్టు వేడిని చూపే మీటరు ఒకటి బిగించుకోండి. లోడు మీద అది నిలకడగా 700 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. ఆ మీటరు లేకుండా ఇంధనం పెంచేవారు పిస్టన్లతో జూదమాడుతున్నట్టే.

ఒక చిన్న ప్రశ్న: వెనుక టైర్ల సైజు మార్చారా?

చెరువుగట్టు:

మార్చాను. బురదలో ఎత్తు కోసం 215/75 ఆర్ 15 తీసి 235/75 ఆర్ 15 వేయించాను. డ్రమ్ము డీజిల్ మాట కూడా నిజమే.

పాత స్పానర్:

ఆ టైరు ఎత్తు 703 మిల్లీమీటర్ల నుంచి 733కు పెరిగింది, అంటే నాలుగు శాతానికి పైగా. ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగుడు అంత మేర తగ్గింది. కొంచెమే కదా అనిపిస్తుంది గానీ, ర్యాంపు మీద టర్బో ఇంకా అందుకోని తక్కువ స్పీడులో బండి కదిలించడానికి మీరు క్లచ్‌ను ఎక్కువసేపు సగం పట్టులో ఉంచవలసి రావడానికి అదీ ఒక కారణం. పాత సైజుకే వెళ్ళండి.

ట్రక్కులెక్క:

ఇంజిన్ గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను వెనుక ఉన్నదాని సంగతి చెబుతాను. ఉప్పునీటి చెరువుల దగ్గర ట్రైలర్ చక్రాలు నీటిలో దిగితే హబ్ బేరింగులలో గ్రీజు పోయి తుప్పు పడుతుంది, బ్రేకు ఉంటే అది పట్టేసుకుంటుంది. ఇరవై కిలోమీటర్లు నడిపాక హబ్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. ఒక హబ్ రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే మీ ఇంజిన్ బలం కొంత అక్కడే ఖర్చవుతోంది.

ట్రైలర్ ముందు కొక్కెం మీద పడే బరువు మొత్తంలో పదో వంతుకు తగ్గకూడదు. మీకు అది 140 కిలోలు. ధాన్యం కాటా మీద ట్రైలర్ ముందు కాలు నిలబెడితే తెలిసిపోతుంది. పెద్ద జనరేటర్‌ను పాత బోల్టు రంధ్రాలలోనే బిగించి ఉంటే, బరువు వెనక్కి జరిగి కొక్కెం తేలిపోయి ఉండవచ్చు. అప్పుడు వెనుక చక్రాలకు పట్టు తగ్గి బురదలో తిరుగుతాయి, రోడ్డు మీద ట్రైలర్ ఊగుతుంది. 1,400 కిలోలకు బ్రేకు లేని ట్రైలర్ నా దృష్టిలో వద్దే వద్దు. వంతెన ఎక్కడం ఎంత ముఖ్యమో దిగడమూ అంతే.

మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు మొదట వెదికేది అలాంటివే. ట్రైలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది.

చెరువుగట్టు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. టర్బో గొట్టంలో క్లాంపు కింద రెండు అంగుళాల చీలిక దొరికింది. మూడో ఇంజెక్టర్ సీసా మిగతావాటికి రెట్టింపు నిండింది, దాన్ని బాగు చేయించాను. రేడియేటర్, కండెన్సర్ మధ్య నుంచి గడ్డి దోసెడు వచ్చింది. పాత సైజు టైర్లు వేయించి, జనరేటర్‌ను అరడుగు ముందుకు జరిపాను. కాటా మీద ముందు కాలు 85 కిలోల నుంచి 150కి వచ్చింది. ట్రైలర్ బ్రేకు పని ఇంకా షెడ్డులోనే ఉంది, అందాకా పాత చిన్న జనరేటర్‌నే తిప్పుతున్నాను. బ్రేకు పనికి ఇచ్చే ముందు ఒకసారి ఇదే పెద్ద లోడుతో చించినాడ వంతెన మూడో గేరులోనే ఎక్కింది, పొగ దాదాపు లేదు, ముల్లు సగం దాటలేదు. బాక్సు ఆలోచన మానుకున్నాను.

ర్యాంపు మీద క్లచ్ వాసన తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పాత స్పానర్:

ఇన్నాళ్ళు కాలిన ప్లేటు కదా, అరిగే ఉంటుంది. వాసన మళ్ళీ పెరిగితే ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్చండి, ఫ్లైవీల్ ముఖం కూడా చూపించండి. అప్పటిదాకా తడి ర్యాంపు ఎక్కవలసి వస్తే ట్రైలర్‌ను విడదీసి ఊళ్ళో ట్రాక్టర్‌తో పైకి లాగించుకోండి, గట్టు మీద తిరిగి తగిలించుకోవచ్చు.