సిమ్లాలో రాష్ట్రపతి నివాస్ అంటే ఏది? అమ్మానాన్నతో వెళ్తున్నాం, చూసినవాళ్లు చెప్పండి

టీనగర్_తెలుగమ్మాయి:
హాయ్ అందరికీ. చెన్నై ఎండలు తట్టుకోలేక మే నెలలో అమ్మానాన్నని సిమ్లా తీసుకెళ్తున్నా. చండీగఢ్ దాకా ఫ్లైట్, కల్కా నుంచి టాయ్ ట్రైన్. నాన్న హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యారు, ఆయనకి మంచుకొండల కన్నా వైస్రాయ్‌లు వేసవిలో ఉన్న ప్యాలెస్ మీదే ధ్యాస. నెట్‌లో చూస్తే రాష్ట్రపతి నివాస్ అని ఒకటి సిమ్లాలో, ఇంకోటి మషోబ్రాలో చూపిస్తోంది, రెండిట్లో ఏది ఆయన అడిగేది? లోపలికి పంపిస్తారా, లేక బయట ఫోటో దిగి వచ్చేయడమేనా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ ఎక్కలేదు.

పెరంబూరు_రైల్:
రెండూ వేరే వేరే అండి. మీ నాన్నగారు అడిగేది సిమ్లా అబ్జర్వేటరీ హిల్ మీద ఉన్న వైస్‌రీగల్ లాడ్జ్, 1888లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్ మొదట దిగింది అందులోనే. ఇండిపెండెన్స్ తర్వాత రాష్ట్రపతిది అయింది, ఇప్పుడు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ అనే పరిశోధనా సంస్థ నడుస్తోంది. మషోబ్రాది సిమ్లా నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటి ఉంటుంది, చెక్కతో కట్టిన పాత బంగ్లా, రాష్ట్రపతి వేసవిలో వచ్చి దిగేది ఇప్పుడు అక్కడే. మన హైదరాబాద్ బొలారం రాష్ట్రపతి నిలయం లాగా దీన్ని కూడా 2023లో జనానికి తెరిచారు. రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లో ముందే స్లాట్ బుక్ చేసుకోండి, రాష్ట్రపతి వచ్చి ఉన్న రోజుల్లో మాత్రం ఎవర్నీ రానివ్వరు, మీ డేట్స్ చూసుకోండి.

అన్నానగర్_వాసి:
ఒక్కటే చూసే టైముంటే కళ్లు మూసుకుని లాడ్జ్‌కే వెళ్లండి, అదీ లోపలి టికెట్ తీసుకుని. చాలామంది గార్డెన్ టికెట్‌తో లాన్‌లో సెల్ఫీలు దిగి తిరిగొచ్చేస్తారు, నాకైతే మనసు చివుక్కుమంటుంది. లోపల గ్రూపులుగా గైడ్‌తో తిప్పుతారు, కింది అంతస్తులో కొన్ని గదులే, ఫోటోలు తియ్యనివ్వరు, అదీ మంచిదే. హాల్లో అడుగుపెట్టగానే తల పైకెత్తి చూడండి, మూడంతస్తుల ఎత్తు, చుట్టూ గ్యాలరీలు, మెట్లూ గోడలూ అంతా బర్మా టేకు. బయట చూస్తే బూడిదరంగు రాయి, లోపల మొత్తం చెక్క. ఆ రోజుల్లోనే కరెంటు దీపాలు పెట్టారట.

ఇంకో మాట, మన చెన్నైవాళ్లం తప్పకుండా తెలుసుకోవాల్సింది. దాన్ని డిజైన్ చేసిన హెన్రీ ఇర్విన్ మన ప్యారీస్ కార్నర్ దగ్గర ఎర్ర హైకోర్టుని పూర్తి చేసినాయనే (1892), ఎగ్మోర్ మ్యూజియంలో విక్టోరియా మెమోరియల్ హాల్ కూడా ఆయనదే, తర్వాత మైసూర్ ప్యాలెస్. మీ నాన్నగారిని సిమ్లా వెళ్లేముందు ఒక పూట హైకోర్టు వైపు తీసుకెళ్లండి, ఒకే మనిషి ఇక్కడ ఎర్ర ఇటుకా గుమ్మటాలతో, అక్కడ ఇంగ్లండ్ కోటలాగా ఎలా కట్టాడో ఆయన మీకే పాఠం చెప్తారు.

అంతకన్నా పెద్ద సంగతి రాధాకృష్ణన్‌గారిది. మన సర్వేపల్లివారు, ప్రెసిడెన్సీ కాలేజీలో చెప్పినాయన, మైలాపూర్‌లో ఉన్నాయన, మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రాధాకృష్ణన్ సాలై ఆయన పేరే. రాష్ట్రపతిగా ఉండి, తన వేసవి విడిదిని చదువుకునేవాళ్లకి ఇచ్చేసి 1965 అక్టోబర్‌లో ఆయనే ఆ సంస్థని ప్రారంభించారు. వైస్రాయ్‌ల డాన్సులు జరిగిన గది ఇప్పుడు లైబ్రరీ అయింది. అధికారంలో ఉన్నవాళ్లు ఇల్లు వదులుకోవడం మనం ఎన్నిసార్లు చూస్తాం చెప్పండి.

వేళచ్చేరి_86:
మోకాళ్ల సంగతి నేను చెప్తా, మా అమ్మనీ తీసుకెళ్లా. మాల్ రోడ్ మీద బళ్లు తిరగవు, కార్ట్ రోడ్ నుంచి పైకి లిఫ్ట్ ఉంది, అది వాడండి. లాడ్జ్‌కి మాత్రం మాల్ నుంచి నడవొద్దు, టాక్సీ మాట్లాడుకోండి, గేటు దగ్గర దిగాక కూడా కొంచెం ఎత్తు ఎక్కాలి, ఆగుతూ వెళ్తే పర్లేదు. సోమవారం సెలవు, అది మర్చిపోకండి. పొద్దున్నే వెళ్తే టూర్‌కి లైను తక్కువ. టాయ్ ట్రైన్‌లో వెళ్తే సిమ్లాకి ముందు స్టేషన్ సమ్మర్ హిల్, లాడ్జ్ ఉన్న కొండ ఆ స్టేషన్‌కి దగ్గరే కానీ లగేజీతో అక్కడ దిగొద్దు, టాక్సీలు సరిగ్గా దొరకవు.

టీనగర్_తెలుగమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి, రాధాకృష్ణన్‌గారి సంగతి నాన్నకి చదివి వినిపిస్తే, 1945 సిమ్లా కాన్ఫరెన్స్ కూడా అక్కడే, వైస్రాయ్ వేవెల్ పిలిస్తే ఆజాద్, జిన్నా, మన రాజాజీ అందరూ వచ్చారు, అది రాయలేదేంటి అని మొదలెట్టారు. మంగళవారం పొద్దున లాడ్జ్ పెట్టుకున్నాం. మషోబ్రాకి అమ్మతో ఒక పూటలో వెళ్లి రాగలమా, టాక్సీకి ఎంత అడుగుతున్నారు ఇప్పుడు?

వేళచ్చేరి_86:
పూటలో అయిపోతుంది, కాకపోతే మేలో సిమ్లా ట్రాఫిక్ ఘోరంగా ఉంటుంది కాబట్టి పొద్దున స్లాట్ తీసుకోండి. రేటు సీజన్‌ని బట్టి మారుతుంది, హోటల్‌వాళ్లని ఒకసారి, స్టాండ్‌లో ఒకసారి అడిగి చూసుకుని, వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోండి.