కొట్టు కంప్యూటర్‌కు టెల్నెట్: పాస్‌వర్డ్ పెంచితే చాలా?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి కమీషన్ కొట్టులో లెక్కలు చూస్తాను. అన్నీ ఒక పాత లినక్స్ కంప్యూటర్‌లోనే. సీజన్‌లో రాత్రిళ్లు హన్మకొండ ఇంటి నుంచి టెల్నెట్‌తో (దూరం నుంచి కంప్యూటర్ వాడే పాత పద్ధతి) లాగిన్ అవుతాను. మొన్న రౌటర్ లాగ్ తెరిస్తే 23వ పోర్టు (టెల్నెట్ వాడే తలుపు) మీద ఎక్కడెక్కడి నుంచో ప్రయత్నాలు! టెన్షన్ పట్టుకుంది. పాస్‌వర్డ్ పెద్దది పెడితే సరిపోతుందా అన్నా?

జవాబు: సరిపోదు తమ్మీ. ముందు రౌటర్‌లో 23 మూసెయ్. ఊహించి కొట్టేవాళ్లను పెద్ద పాస్‌వర్డ్ ఆపుతుందేమో గానీ, దారిలో వినేవాణ్ని ఆపదు; టెల్నెట్ అన్నీ దాచకుండా ఉన్నదున్నట్టే పంపుతుంది. కొట్టులో కూర్చుని నీ ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయేదంతా చూపించే ప్రోగ్రామ్) ఆన్ చేసి, టెల్నెట్‌తో లాగిన్ అయ్యి, 'ఫాలో టీసీపీ స్ట్రీమ్' నొక్కి చూడు.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాల్లోకీ రౌటర్లలోకీ దూరింది ఈ టెల్నెట్ గుండానే, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చనివాళ్ల దగ్గర. అంతకు చాలా ముందు, 1995లో, ఫిన్లాండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు వినేస్తే, అక్కడి టాటు యులోనెన్ రాసిందే ఎస్‌ఎస్‌హెచ్, టెల్నెట్ పనే చేస్తుంది గానీ అంతా రహస్య లిపిలో పంపుతుంది. దానికి మారు. లినక్స్ మరీ పాతదైతే ముందు అప్‌డేట్ చెయ్యి.

ఎస్‌ఎస్‌హెచ్ పెట్టి పాస్‌వర్డ్‌తోనే వదిలేస్తే మళ్లీ ఊహించేవాళ్లు వస్తారు. కీ (పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే ఫైలు) చేసుకో, దానికి పాస్‌ఫ్రేజ్ (కీని తెరిచే రహస్య వాక్యం) పెట్టు, తర్వాత పాస్‌వర్డ్ లాగిన్ ఆపు. ఆపేటప్పుడు ఒక విండో తెరిచే ఉంచి, రెండో విండోలో కీతో లాగిన్ అవుతోందో లేదో చూసుకో. లేకపోతే అర్ధరాత్రి బండేసుకుని కొట్టుకు పోవాలి (నేను పోయిన). ఎస్‌ఎస్‌హెచ్ వాడే పోర్టు 22 మార్చితే లాగ్‌లో గోల తగ్గుతుంది, అంతే.

ఇంకొకరు: మాది విండోస్. రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి స్క్రీన్ వాడేది) పోర్టు 3389 తెరిచి ఉంది, పాస్‌వర్డ్ గట్టిదే.

జవాబు: మూసేయండి సార్. రిమోట్ డెస్క్‌టాప్‌లో 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపంతో లోపలికి దూరడానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత దారి) పెట్టి, దాని లోపలి నుంచే రిమోట్ డెస్క్‌టాప్ వాడండి. అప్‌డేట్లు మానొద్దు.

అడిగినతను: వైర్‌షార్క్‌లో చూసిన అన్నా. యూజర్ పేరులో ప్రతి అక్షరం రెండుసార్లు, కింద నా పాస్‌వర్డ్ ఎర్ర అక్షరాల్లో. టెల్నెట్ తీసేసిన. సేటు తనకూ లాగిన్ కావాలంటున్నాడు, నా కీ కాపీ చేసి ఇవ్వనా?

జవాబు: వద్దు. ఆయనకు వేరే యూజర్, వేరే కీ. రేపు ఆయన ల్యాప్‌టాప్ పోతే కొట్టు కంప్యూటర్‌లోని కీల జాబితా నుంచి ఆ ఒక్క కీ లైను తీసేస్తావు, నీ పని ఆగదు.