మహిళా నాయకత్వ సదస్సుకు విరాళాల సేకరణను జోడించడం అవసరమా?

వెన్నెలబాట:
పెట్టుబడులపైనో సాంకేతిక రంగంపైనో సదస్సు జరిపేవారు, దానివల్ల ఏ సేవాసంస్థకు ఎంత అందిందో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు. స్త్రీలు తమ వృత్తిలో ఎదగడం గురించి మాట్లాడుకోవడానికి కలిసినప్పుడు మాత్రం, పక్కన ఒక పుణ్యకార్యం ఉంటే తప్ప ఆ కలయికకు సమర్థన లేదన్నట్టు మనమే ప్రవర్తిస్తున్నాం. ఈ రెండింటినీ విడదీయాలని నా అభిప్రాయం.

లెక్కలమాస్టారు:
విడదీయాలనే నేనూ అంటాను, కారణం వేరు. వేదిక అద్దె, భోజనాలు, వక్తల ప్రయాణాలు పోగా మిగిలినదే విరాళమవుతుంది. ఆ మిగులు ఎంతో చెప్పకుండా టికెట్ డబ్బంతా సేవకే వెళ్తుందన్న భావన కలిగించడం తగదు. అమెరికా పన్ను నిబంధనల ప్రకారం, దాత తన చెల్లింపుకు బదులుగా విందు వంటిదేదైనా పొందితే, ఆ చెల్లింపు 75 డాలర్లు దాటినప్పుడు, పొందినదాని విలువ ఎంతో సంస్థ రాతపూర్వకంగా తెలపాలి. అటువంటి నియమం లేనిచోట కూడా ఆ లెక్కను టికెట్ మీదే ముద్రిస్తే అడ్డుకునేవారెవరూ ఉండరు.

నిప్పురవ్వ:
ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. రోటరీ వంటి సంఘాలు స్త్రీలను చేర్చుకోని కాలంలో, 1919లో జోంటా, 1921లో సోరాప్టిమిస్ట్ క్లబ్బులు మొదలయ్యాయి; వృత్తుల్లో ఉన్న స్త్రీలు అక్కడ ఒకరికొకరు అండగా నిలవడాన్నీ సమాజసేవనూ రెండు పనులుగా చూడలేదు. 2001లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో పుట్టిన ఇంపాక్ట్ 100 పద్ధతి ఇంకా స్పష్టమైనది. అందులో కనీసం వందమంది స్త్రీలు తలా వెయ్యి డాలర్లు వేసుకుని, దరఖాస్తులను పరిశీలించి, ఓటు ద్వారా ఎంచుకున్న సంస్థకు లక్ష డాలర్ల గ్రాంటు ఇస్తారు. ఒక సంస్థ ఆర్థిక పత్రాలు చదివి దాని సత్తాను అంచనా వేయడం, తోటివారిని ఒప్పించడం, తాను కోరినది నెగ్గకపోయినా అందరి నిర్ణయానికి కట్టుబడటం ఏ ముఖ్య వక్త ప్రసంగమూ నేర్పలేని విషయాలు.

వెన్నెలబాట:
నిప్పురవ్వ గారూ, మీరు వర్ణించినది నెలల తరబడి సాగే పని. నేను ప్రశ్నించినది ఒక పూట సదస్సును. పైగా ఆ పద్ధతిలో వెయ్యి డాలర్లు పెట్టగలవారికే ఓటు ఉంటుంది. ఏ స్త్రీల పేరిట గ్రాంటు కోరుతున్నారో వారికి ఆ గదిలో స్థానమేది?

నిప్పురవ్వ:
న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి మందు విరాళాన్ని తీసివేయడం కాదు. సొమ్ము అందుకునే సమూహం నుంచి కొందరిని రుసుము లేకుండా ఓటుహక్కుతో కమిటీలో కూర్చోబెట్టడం. విరాళం లేని సదస్సులో వారికి ఆ మాత్రం చోటైనా ఎందుకు దొరుకుతుందో చెప్పండి.

లెక్కలమాస్టారు:
కూర్చోబెట్టండి, కానీ వారి రాకపోకల ఖర్చు, ఆ రోజు పోగొట్టుకున్న కూలి ఎవరు భరిస్తారో కూడా బడ్జెట్‌లో ముందే రాయండి. టికెట్‌ను ప్రవేశ రుసుము, ఐచ్ఛిక విరాళం అని రెండు భాగాలుగా విడగొడితే, అభ్యంతరం ఉన్నవారు మొదటిదే చెల్లించి లోపలికి రావచ్చు.