డగ్లస్ ఆడమ్స్ అయిపోయాడు, ఇప్పుడేం చదవను?

ప్రశ్న:
ఆడమ్స్ సైన్స్ ఫిక్షన్ హాస్య నవల 'హిచ్‌హైకర్స్ గైడ్' అయిదు భాగాలూ రెండోసారి కూడా పూర్తయ్యాయి. డిటెక్టివ్ డర్క్ జెంట్లీ నవలలు రెండూ అయ్యాయి. రెండోదాని చివరి అధ్యాయాన్ని మూడు వారాలు చదవకుండా దాచుకున్నాను, అది తెమలదన్నట్టు. 2001లో 49 ఏళ్లకే పోయాడు మహానుభావుడు, ఇక కొత్తవి రావు. 2009లో ఆరో భాగం ఇంకొకాయన రాశారు. నలభై పేజీలు చదివి పక్కన పెట్టాను. చొక్కా ఆడమ్స్‌దే, మనిషి ఆడమ్స్ కాదు.

హాస్య నవలలని వెతికితే దొరికేవాటిలో పాత్రలే పడీపడీ నవ్వుతుంటాయి, మనకి పనుండదు. నాక్కావలసింది అది కాదు. 'గైడ్'లో కథానాయకుడు ఆర్థర్ ఇంటిని బైపాస్ రోడ్డు కోసం కూలగొట్టబోతారు, అదే రోజు భూమినే అంతరిక్ష బైపాస్ కోసం లేపేస్తారు. ప్లాన్లు 50 ఏళ్లుగా ఆల్ఫా సెంటారీ ఆఫీసులో పెట్టే ఉన్నాయి, అభ్యంతరాలుంటే అప్పుడే చెప్పాల్సింది అంటారు. ఒక్కరూ నవ్వరు. ఆ గంభీరత కావాలి నాకు.

జవాబు 1:
టెర్రీ ప్రాచెట్ ఫాంటసీ నవలల వరస, డిస్క్‌వరల్డ్. 41 నవలలు, ఇప్పట్లో అయిపోవు. 1983 నాటి మొదటిదానితో మాత్రం మొదలుపెట్టకండి, అప్పటికి ఆయన చెయ్యి ఇంకా తిరగలేదు. 'గార్డ్స్! గార్డ్స్!' పట్టుకోండి.

అన్నట్టు ఆడమ్స్‌దే ఇంకోటుంది, 'లాస్ట్ చాన్స్ టు సీ'. నవల కాదు, అంతరించిపోతున్న ప్రాణులని వెతుక్కుంటూ తిరిగిన కథ. అందులో కాకాపో అనే చిలుక ఎగరడం మర్చిపోయింది, మర్చిపోయిన సంగతీ మర్చిపోయింది.

జవాబు 2:
మీ గంభీరతకి నా ఓటు ఫ్లాన్ ఓబ్రయన్ 'ది థర్డ్ పోలీస్‌మన్'. సైకిలు మరీ ఎక్కువ తొక్కితే దాని అణువులు మనిషిలోకి, మనిషివి దానిలోకి పోతాయట. ఊళ్లో ఎవరు ఎంత శాతం సైకిలో సార్జెంటు లెక్కగట్టి చెప్తాడు. సైకిల్లా గోడకి మోచెయ్యి ఆనించి నిలబడ్డాడంటే వాడి పని అయినట్టే. ఇవికాక డి సెల్బీ అనే పండితుడి మీద పేజీలకి పేజీలు ఫుట్‌నోట్లు. రాత్రంటే నల్లగాలి పేరుకోవడమేనని ఆయన సిద్ధాంతం! 1940లో ప్రచురణకర్తలు తిప్పి పంపితే, రాతప్రతి పోయిందని చెప్పుకుంటూ తిరిగాడు రచయిత. ఆయన పోయిన మరుసటేడు, 1967లో అచ్చయింది. ముందుగా వికీపీడియా చూశారో, ముగింపు పోతుంది.

జవాబు 3:
అంత దూరం ఎందుకండీ, 'బారిష్టర్ పార్వతీశం' లేదూ?

అడిగినవారు:
మూడుసార్లు చదివానండీ, మళ్లీ చదువుతాను కూడా. కానీ అక్కడ లోకం సవ్యంగానే ఉంటుంది, తికమకంతా పార్వతీశానిదే. ఇక్కడ లోకానికే మతి పోతే, మధ్యలో ఆర్థర్ కాస్త టీ దొరికితే చాలంటాడు.

జవాబు 4:
అయితే బుల్గాకోవ్ 'ద మాస్టర్ అండ్ మార్గరీటా'. ఒక పిల్లి ట్రామెక్కి కండక్టరమ్మకి చిల్లర ఇవ్వబోతుంది. పిల్లులు ఎక్కకూడదని ఆవిడ అరుస్తుంది. పిల్లి టిక్కెట్టు కొనబోవడం మాత్రం ఎవరికీ వింతగా తోచదు. మధ్యమధ్యలో ఏసుని విచారించిన రోమన్ అధికారి పిలాతు అధ్యాయాలొస్తాయి, వాటిల్లో నవ్వుండదు, ఓపిక పట్టాలి.

అడిగినవారు:
పిల్లిది తర్వాత. పోలీస్‌మన్ సగంలో ఉన్నాను. నిన్న గోడకి మోచెయ్యి ఆనించి ఫోన్ మాట్లాడుతూ, గుర్తొచ్చి చటుక్కున నిటారుగా నిలబడ్డాను.