అప్‌డేట్: మామయ్య ఫొటోలోని ఐఎన్‌ఎస్ కృష్ణ ఏ ఓడో తేలింది

పోయిన నెల అడిగాను కదా, మామయ్య నేవీ ఆల్బమ్‌లో 'కృష్ణ, 1996' అని రాసిన ఫొటో, ఆ పక్కనే ఎఫ్57 నంబరున్న బ్రిటిష్ ఓడ పోస్టుకార్డు ఉన్నాయి, రెండిటికీ సంబంధమేంటని. రెండూ ఒకే ఓడ! సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

"ఓడ ముందు భాగంలో, డెక్ మీద ఫిరంగి ఉందేమో చూడండి" అన్న సలహానే పనిచేసింది. భూతద్దం పెట్టి చూశా, జంట ఫిరంగి లేదు. దాదాపు ఇదే డిజైన్‌తో ముంబైలో కట్టిన నీలగిరి తరగతి ఓడలకైతే ఉండేది. నేను వారం రోజులు వాటి వెంటే పడ్డాను, దండగ.

ఇది బ్రిటిష్ నేవీ లియాండర్ తరగతి యుద్ధనౌక ఆండ్రోమెడా, పోస్టుకార్డులోని ఎఫ్57 ఇదే. 1967లో పోర్ట్స్‌మత్‌లో నీళ్లలోకి దిగింది, 1968లో సర్వీసులో చేరింది. కాడ్ వార్‌లో (చేపల వేట హక్కులపై బ్రిటన్, ఐస్‌లాండ్‌ల గొడవ) ఐస్‌లాండ్ గస్తీ ఓడ థోర్‌ను ఢీకొంది. తర్వాత ఫిరంగి పీకేసి ఎక్సోసెట్, సీ వుల్ఫ్ క్షిపణులు పెట్టారు. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికీ వెళ్లింది. 1995లో మనవాళ్లు కొని, ఎఫ్46 నంబరుతో ట్రైనింగ్ షిప్‌గా 2012 దాకా నడిపారు.

ఒకరు చెప్పిన మన నేవీ పాత ఓడ 'కిస్ట్నా' (కృష్ణకే పాత ఇంగ్లీషు స్పెల్లింగు) వేరే ఓడ. అది 1981లోనే రిటైరైంది.